బావ ఎక్కిన బురుజు

మా హాల్లో ఫ్యాన్ రెగ్యులేటరు మీద ఐదు అంకెలున్నాయి. ఒకటి నుంచి మూడు దాకా ఫ్యాను తిరగడం గురించి ఆలోచిస్తుంది. నాలుగులో తిరుగుతుంది. ఐదులోనూ అదే వేగం, శబ్దం మాత్రం పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయన కాసేపు కింద నిలబడి పైకి చూసి, "గాలి వస్తుంది కదండీ" అన్నారు. వస్తోంది, కాదనను. కానీ మనిషికి ఐదు అంకెలు చూపించి ఒక్క వేగం ఇవ్వడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను నూజివీడులో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, సువార్త సభలు, ఎరువుల కొట్ల ప్రారంభోత్సవాలు. మనుషుల్ని ఉన్నదానికన్నా కొంచెం తెల్లగా చూపించడం ఇందులో ప్రధానమైన విద్య. దీనికి బీటెక్ అక్కర్లేదు. నాకు ఉంది, ఏం చేస్తాం. ఖాళీ దొరికినప్పుడు నాలుగు గళ్ళ కార్టూన్ గీసి ఆన్‌లైన్‌లో పెడతాను. నా పేజీకి పాఠకులు ఎక్కువ మంది లేరు గానీ, ఉన్నవాళ్ళు తీరిక గలవాళ్ళు.

ఆ కార్టూన్లలో కథానాయకుడు మా బావ, అంటే మా అక్క భర్త. వాళ్ళది రెడ్డిగూడెం. సొంత మామిడి తోట కొద్దిగా ఉంది. దానికన్నా ఆయనకు పేరొచ్చింది కోత మేస్త్రీగా. సీజన్లో ఎనిమిది మందిని వెంటేసుకుని ఇటు చాట్రాయి, అటు మైలవరం దాకా తోటల్లో కాయ కోయిస్తాడు. కింది కొమ్మలు ఎవరైనా కోస్తారు. చిటారు కొమ్మల్లో కాయను మేస్త్రీయే దించాలి. పొడవాటి వెదురు గడ, దాని చివర చిక్కం, అంటే వల సంచి, సంచి మూతికి చిన్న కత్తి. కాయకు ముచ్చిక ఉండేలా కోసి, సంచిలో పడ్డాక గడను అడ్డం తిరగనివ్వకుండా కిందికి తేవాలి. ముచ్చిక ఊడితే సొన కారి తొక్క మీద నల్ల మచ్చ పడుతుంది. గడ తిరిగితే కాయే నేల మీద పడుతుంది.

పోయిన సీజను చివర్లో ట్రాక్టరు ట్రక్కు తలుపు ఊడి మా బావ కుడి చేతి మీద పడింది. చిటికెన వేలు, ఉంగరం వేలు. విజయవాడలో ఆపరేషన్ చేశారు. వేళ్ళు మిగిలాయి, పట్టు పోయింది. "వస్తుందండీ, టైము పడుతుంది" అన్నాడు డాక్టరు. ఎంత టైమో చెప్పలేదు. చేతిలో పెట్టి నొక్కమని ఒక స్పాంజి బంతి ఇచ్చాడు. రెండో రోజు దాన్ని మా బావ కుక్కకు విసిరేశాడు. కుక్క దాన్ని చాలా శ్రద్ధగా నొక్కింది.

అప్పుడే నేను నా పాత గేమింగ్ డబ్బా పట్టుకెళ్ళి వాళ్ళ టీవీకి తగిలించాను. అందులో ఒక ఆట. ఒక చిన్న మనిషి తాడు పట్టుకుని బురుజు ఎక్కాలి. ఏడు అంతస్తులు, పైన రాతి గుడ్లగూబ. కుడి చేతి కింద ఉన్న బొత్తాన్ని అదిమి పట్టుకున్నంత సేపే తాడు చేతిలో ఉంటుంది. వేలు సడలిందా, మనిషి కింద పడతాడు. మా బావ బొత్తాం మీద కావాలనే ఆ దెబ్బ తిన్న రెండు వేళ్ళూ పెట్టి ఆడేవాడు. మొదటి రోజు మొదటి అంతస్తు కిటికీ దాకా కూడా వెళ్ళలేదు.

"ఈజీలో పెట్టనా బావా?" అన్నాను.

"ఈజీలో ఏమవుద్ది?"

"వేలు వదిలినా తాడు కాసేపు ఆగుద్ది."

"మామిడి చెట్టు ఆగుద్దా?"

చెట్టు ఆగదు. ఈ విషయంలో మాకు భేదాభిప్రాయం లేదు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అదే పని. ఎన్నో అంతస్తులో పడ్డాడో గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ కింద పెన్సిలుతో వేసేవాడు. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆయన చేతి మీద చెయ్యి పెట్టి ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా ఆటకు కూర్చున్నాడు. రెండో అంతస్తు. "ఇంకో వారం చూద్దాం" అన్నాడు, పాస్టరుగారిని తప్పు పట్టకుండా.

"దీన్లో ఏడో అంతస్తు ఎక్కిన రోజు నేను గడ పడతాన్రా. కోతల లోపు ఎక్కాలి" అని నాతో చెప్పాడు. ఎక్కకపోతే ఏమవుతుందో చెప్పలేదు, అందరికీ తెలుసు. మేస్త్రీ లేని ముఠా వారం ఆగుతుంది, రెండో వారం ఇంకో మేస్త్రీ వెనక వెళ్తుంది.

నేను దీన్ని కార్టూన్లుగా గీశాను. మీసాల మనిషి, తాడు, బురుజు, పడటం. చేతి సంగతి మాత్రం గీయలేదు. మొదట్లో మర్యాద అనుకున్నాను. తర్వాత, అది లేకపోతేనే జనం బాగా నవ్వుతున్నారని గమనించాను. గమనించాక కూడా మర్యాద అనే అనుకున్నాను.

పాఠకులు రెండు పార్టీలయ్యారు. "ఈజీలో పెట్టుకోమనండి, పైనుంచి ఎవరైనా చూస్తున్నారా" అని ఒకరు. "ఈజీలో ఆడేవాడూ, చిన్నరసాన్ని కత్తితో కోసుకుని తినేవాడూ ఒకటే" అని ఇంకొకరు. దాని కింద రెండు రోజులు యుద్ధం జరిగింది. కత్తితో తింటే తప్పేంటని హైదరాబాదు నుంచి ఒకామె అడిగింది. ఆమెకు రసం పళ్ళ గురించి పదిహేడు మంది క్లాసు చెప్పారు. అసలు ఆట సంగతి మర్చిపోయారు. "అంకుల్‌ది స్కిల్ ఇష్యూ" అని ప్రతి కార్టూన్ కింద రాసే ఒక మనిషి ఉన్నాడు. అతనికి ఇంకే పనీ లేదనుకుంటా, నాకు మాత్రం అతనంటే గౌరవం. ఏ వారమూ మానలేదు.

అన్నిటికన్నా మించి, మా బావ కూడా ఆ వ్యాఖ్యలు చదివేవాడు. చదివి ఊరుకునేవాడు కాదు. ట్రాక్టరు బొమ్మ పెట్టుకున్న తన అకౌంట్లోంచి, "మీరు వచ్చి ఆడండి, నేను టీ ఇప్పిస్తాను" అని జవాబులిచ్చేవాడు. అది నేనే నడిపిస్తున్న దొంగ అకౌంటని పాఠకుల నమ్మకం. "క్యారెక్టరును భలే మెయింటైన్ చేస్తున్నారు బ్రో" అని నన్ను మెచ్చుకున్నారు.

"వాళ్ళు మిమ్మల్ని తిడుతున్నారు కదండీ, సరదా ఏంటి మీకు?" అంది మా అక్క.

"తిట్టనీవే. ఇక్కడ అందరూ 'తగ్గిపోద్దిలే' అంటున్నారు. వాళ్ళు నయం."

ఒక్క పాఠకురాలు మాత్రం, "ఈయన కుడి బొత్తామే ఎప్పుడూ వదిలేస్తున్నాడు. చేతికేమన్నా అయిందా?" అని అడిగింది. నేను ఒక లైకు కొట్టి ముందుకు పోయాను.

పూత రాలి పిందె కట్టే వేళకు క్యాలెండరులో నాలుగులు, ఐదులు పడ్డాయి. కాయ ముదిరేసరికి కూడా ఐదులే. ఒకే ఒక్క ఆరు ఉంది, దాని చుట్టూ మా బావ సున్నా చుట్టాడు. నా పరిస్థితీ అలాగే ఉంది. ఐదో అంతస్తు నుంచి పడటాన్ని ఎన్ని రకాలుగా గీస్తాం? వ్యాఖ్యలు తగ్గాయి. "స్కిల్ ఇష్యూ" మనిషి కూడా "హ్మ్" అని మాత్రం రాశాడు. అది నన్ను కొంచెం కలవరపెట్టింది.

ఒక సాయంత్రం మా బావ చేపల పులుసు వాసనకు వంటింట్లోకి వెళ్ళినప్పుడు నేను సెట్టింగుల్లోకి వెళ్ళి ఈజీ నొక్కాను. ఆయన మీద జాలితోనే చేశానని చెప్పగలను. సగం వరకు నిజం కూడా. మిగతా సగం నాలుగు గళ్ళు.

ఆయన తిరిగొచ్చి కూర్చుని ఏడో అంతస్తు ఎక్కాడు. గుడ్లగూబ ముక్కలై పడిపోయింది. మా బావ అరవలేదు, ఎగరలేదు. చేతిని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, కొత్తగా కొన్న వస్తువును చూసినట్టు. తర్వాత క్యాలెండరులో ఏడు వేశాడు, ఈసారి పెన్నుతో. ముఠాలో ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. "సోమవారం మన తోటతోనే మొదలెడదాం. ఆఁ, నేనే. గడ నేనే పడతా."

అప్పుడు చెప్పాల్సింది. మా అక్క పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది, పులుసు చల్లారుతోంది, అది సరైన సమయంలా అనిపించలేదు. ఇంటికి వెళ్ళి కార్టూన్ గీసి పేజీలో పెట్టాను. మొదటి గడిలో మీసాల మనిషి వంటింటి వైపు నడుస్తాడు. రెండో గడిలో బావమరిది చెయ్యి సెట్టింగుల మీద ఉంటుంది. మూడో గడిలో మీసాల మనిషి బురుజు మీద జెండా పాతుతాడు. నాలుగో గడిలో బావమరిది చప్పట్లు కొడుతుంటాడు. నేను గీసినవాటిలో అంత పేరు తెచ్చుకున్నది ఇంకోటి లేదు. కోతల పనిలో పడితే ఆయన ఫోను చూడడని లెక్కేసుకున్నాను.

సోమవారం పొద్దున్నే నేనూ తోటకు వెళ్ళాను. చిన్నరసాలు బాగా దిగాయి. కింది కొమ్మలు అయ్యాక మా బావ పెద్ద గడ తీసుకున్నాడు. మొదటి కాయ చక్కగా సంచిలో కూర్చుని ముచ్చికతో సహా దిగింది. రెండోదానికి గడ అరచేతిలో మెల్లగా తిరిగింది. కాయ జారి నేల మీద పగిలింది. మూడోదీ అంతే. నాలుగోసారి గడే చేతిలోంచి జారి, కింద క్రేట్ల మీద పడింది. ఒక క్రేటు అంచు విరిగింది.

ఆ ఎనిమిది మందీ దేని గురించైనా మాట్లాడేవాళ్ళే. ఎవడైనా తుమ్మితే దానికి మూడు మాటలు కలుపుతారు. ఆ పూట అందరూ ఒంగి ఆ ఒక్క విరిగిన క్రేటు సర్దారు. మా బావ గడను పక్కనున్న మనిషికి అందించి, ఆడవాళ్ళు కాయలు ఏరుతున్న చోటికి వెళ్ళి కూర్చున్నాడు. చిన్నవీ పెద్దవీ వేరు చేశాడు. మధ్యాహ్నం దాకా బాగానే చేశాడు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, నేరుగా టీవీ పెట్టాడు. ఏడో అంతస్తు ఎక్కాడు. మళ్ళీ ఎక్కాడు.

"ఇక్కడ పడుతుంది కదరా. అక్కడ పట్టదేంటి?" అన్నాడు నన్ను చూసి.

"గడ బరువుంటది కదా బావా" అన్నాను. అందులో తప్పేమీ లేదు.

"అంతే అంటావా?"

"అంతే అయ్యుంటది."

మా అక్క వైపు తిరిగి అన్నాడు, "ఏదీ, ఫోను తియ్యి. మనవాళ్ళు ఏమంటున్నారో చదువు. నా చేతికి సొన ఇంకా వదల్లేదు."

నేను మంచినీళ్ళకు లేచాను. మా అక్క అన్నం గిన్నె కింద పెట్టి ఫోను తీసింది. ముందు వ్యాఖ్యలే కనిపించాయి కాబోలు, నవ్వుతూ మొదలెట్టింది. "'అంకుల్‌కు చెప్పకండి బ్రో, హార్ట్ అటాక్ వస్తుంది' అంట. 'బావమరిది ఆఫ్ ద ఇయర్' అంట. దేనికంట ఇదంతా..." అని పైకి జరిపి బొమ్మ చూసింది. నాలుగు గళ్ళూ చూసింది. ఆ తర్వాత చదవలేదు.

"ఏంటే? చదువు."

ఆమె ఫోను ఆయన చేతికిచ్చేసింది. సొన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన పెదాలు కదుపుతూ నిదానంగా చదివాడు, కింది వ్యాఖ్యలతో సహా. తర్వాత టీవీ వైపు తిరిగి సెట్టింగులు తెరిచాడు. అవి ఎక్కడుంటాయో ఆయనకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. ఈజీ పక్కన టిక్కు ఉంది. దాన్ని మార్చి, ఆట మొదట్నుంచి పెట్టి, ఆ రెండు వేళ్ళూ బొత్తాం మీద ఉంచాడు. మూడో అంతస్తులో పడ్డాడు. పొద్దుటి పనికి చెయ్యి అలిసిపోయి ఉంటుందని నేను అనబోయాను.

ఆయన కంట్రోలరు బల్ల మీద పెట్టాడు.

"డాక్టరు వస్తుందన్నాడు, పాస్టరుగారు వస్తుందన్నారు, మీ అక్కా అదే అంది. ఈ ఆటొక్కటేరా నాకు అబద్ధం చెప్పనిది. దానికీ నేర్పావు."