క్యాథరిన్ వాకౌట్

విద్యార్థి సంఘం ప్రజాస్వామ్యానికి పాఠశాల అని ప్రతి ప్రారంభోత్సవంలోనూ చెబుతారు. బేతమంగళ దారిలోని ఆ ఎంబీఏ కాలేజీలో ఆ పాఠం చాలా చిన్నది. ఒక్కో సెక్షన్ ఇద్దరు ప్రతినిధులను ఎన్నుకుంటుంది. వాళ్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఆ పేరు డైరెక్టర్‌కు నచ్చకపోతే ఇంకో పేరు పంపాలి. సంఘం చేతిలో ఉండేవి ఫెస్టు, మెస్సు, బస్సు వేళలు. తెలివైనవాళ్లు ప్లేస్‌మెంట్ కమిటీకి పోటీపడతారు; కంపెనీలవాళ్ల కంట్లో పడేది అక్కడే. అధ్యక్ష పదవి ఎవరికీ అక్కర్లేదు. అందుకే క్యాథరిన్ ఏకగ్రీవంగా గెలిచింది. ఏకగ్రీవమంటే అందరూ తన వెనక ఉన్నట్టే అనుకుంది.

ఆమెది బంగారు గనుల ఊరు మారికుప్పం. తాత ఆరోగ్యస్వామి గని మూసేదాకా భూమి కింద పనిచేశాడు. ఇప్పుడు రాతిదుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. ఆయన చెప్పే కథ ఒకటి ఆమెకు కంఠతా వచ్చు. గనిలో ఎవరైనా చచ్చిపోతే ఆ షిఫ్టు ఆగేది. ఎవరూ పిలిచేవాళ్లు కాదు, ఎవరూ ఓటేసేవాళ్లు కాదు. ముందున్నవాడు పనిముట్టు దించి పైకెళ్లే లిఫ్టు బోను వైపు నడిస్తే, వెనక అందరూ నడిచేవాళ్లు. క్యాథరిన్‌కు తెలిసిన రాజకీయం అదొక్కటే.

మామిడి కాలం ముగిశాక నందీశ్ పేరు క్రమశిక్షణ కమిటీ ముందుకు వచ్చింది. అతనిది శ్రీనివాసపురం. తండ్రికి పక్షవాతం వస్తే, కాయలు తోటలోనే కుళ్లిపోకుండా మండీకి తోలడానికి క్లాసులు మానేశాడు. హాజరు చాలలేదు. అతన్ని ఆపెయ్యడానికి కమిటీ సరేనంటే ఆఖరి పరీక్ష రాయనివ్వరు. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగమూ పోతుంది. కమిటీలో డైరెక్టర్, ఇద్దరు లెక్చరర్లు, విద్యార్థుల తరఫున క్యాథరిన్, ఉపాధ్యక్షుడు అమోఘ్. నిబంధన ఒకటే: గదిలో ఉన్నవాళ్లంతా ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా విషయం యూనివర్సిటీకి పోతుంది. ఇంట్లో జబ్బు అంటే అక్కడ సాధారణంగా వదిలేస్తారు.

ముందురోజు నందీశ్ ఆమెను క్యాంటీన్ దగ్గర ఆపాడు.

"అక్కా, నువ్వు వద్దంటే చాలు. ఇంగేమీ మాట్లాడొద్దు. మాట్లాడితే యూనియన్ లీడరైపోతావు."

"మేము పుట్టిందే యూనియన్ ఆఫీసు ఎనక లేప్పా," అంది ఆమె.

సమావేశంలో డైరెక్టర్ కాగితం చదివాడు. మామిడికాయలు అమ్మడమూ మార్కెటింగే గానీ మన సిలబస్‌లో లేదే అని జోకేశాడు. లెక్చరర్లు నవ్వారు. అమోఘ్ కూడా నవ్వాడు. క్యాథరిన్‌కు ఒళ్లు మండింది.

"వాళ్ల నాయన మంచాన పడుండాడు సార్. దానికి నవ్వే చోట నేను కూర్చోను."

లేచి బయటికొచ్చింది. అమోఘ్ వస్తాడని తలుపు పక్కనే నిలబడింది. అవసరమైతే క్లాసులు వదిలి రండి అని పొద్దునే ప్రతినిధుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ సరేనని బొటనవేలి గుర్తు పెట్టారు. వరండాలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఏదో గదిలో బ్రాండ్ విలువ గురించి పాఠం నడుస్తోంది. గనిలో పని వదిలి నడిస్తే బంగారం ఆగేది. ఇక్కడ ఆగడానికి ఏముంది? అడ్డున్న ఒక్క మనిషి కూడా తప్పుకుంది, అంతే.

కాసేపటికి అమోఘ్ బయటికొచ్చాడు. అయిపోయింది, అందరూ ఒప్పుకున్నారు అన్నాడు.

"నువ్వూనా?"

"నువ్వు లోపల ఉండింటే నీ మాటతోనే ఆగిపోతా ఉండె. నువ్వు పోయినాక వద్దనేవాళ్లు ఇంగ యాడుండారు?"

"నువ్వుండావు కదా."

"నాకు వచ్చే వారం ఇంటర్వ్యూ ఉండాది, క్యాథీ."

ఆమె రాజీనామా ఇచ్చింది. ఆ కుర్చీ తమ మెడకు చుట్టుకుంటుందేమోనని ప్రతినిధులు ఆ రాజీనామాను తిరస్కరించారు. అది కూడా ఏకగ్రీవమే.

నందీశ్ హాస్టల్ గది ఖాళీ చేస్తుంటే సాయం చేయడానికి వెళ్లింది. యూనివర్సిటీకి తనే అర్జీ రాస్తానంది. కమిటీ అంతా ఒప్పుకున్నదాన్ని వాళ్లు తిరిగి తెరవరని అతను అప్పటికే కనుక్కుని ఉన్నాడు. పరుపు చుట్టి తాడు బిగిస్తూ, తలెత్తకుండానే అన్నాడు:

"నిన్ను కోపం ఎవరడిగినారక్కా? వద్దు అనే మాట ఒకటి అడిగినాను."

సాయంత్రం ఇంట్లో తాత మీటింగు సంగతి అడిగాడు. మధ్యలో లేచి వచ్చేశానని చెప్పింది. ఆయన ముఖం వెలిగింది. దగ్గు ఆగేదాకా ఆగి, ఒక్కో మాటా కూడదీసుకున్నాడు.

"అందరూ వచ్చినారా అమ్మా?"

"వచ్చినారు తాతా."

"నీ ఎనకాల మొదట ఎవరొచ్చినారు?"

ఆమెకు చప్పున తోచిన పేరు ఒకటే. "అమోఘ్ అని ఒకడు."

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆరోగ్యస్వామి అమోఘ్ పేరు కూడా చేర్చాడు.