చివరి రెండు తిప్పులు

ఎనిమిదేళ్లుగా ఈ మాట నోటి దాకా వస్తోంది, మింగేస్తున్నాను. ఇది చదివే మీరు నా ముఖం చూడరు కాబట్టి పేరు లేకుండా రాస్తున్నాను. నేను ఎముకల డాక్టర్ని. విశాఖలోనే.

ఎర్రన్న హార్బరు నుంచి బోటు మీద చేపల వేటకు వెళ్లేవాడు. మడమ వెనక స్నాయువు, జనం నరం అంటారే అది, తెగి నా దగ్గరకు వచ్చాడు. మడమ ఎముకకు రంధ్రం చేసి, పక్కనున్న ఇంకో నరాన్ని అందులోకి లాగి, కొన్నాళ్లకు ఒంట్లోనే కరిగిపోయే స్క్రూతో బిగించాలి. చివరి రెండు తిప్పుల్లో స్క్రూ గట్టిగా పట్టాలి. పట్టిందో లేదో చేతికి తెలుస్తుంది. ఆ రోజు వదులుగా తిరిగింది. ఒక సైజు పెద్దది ట్రేలో లేదు. ఎముక బయట ఇంకో ఆధారం కట్టి ఉంటే సరిపోయేది, ఇరవై నిమిషాల పని. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో చెయ్యి నలిగిన మనిషి తర్వాతి ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు కదా అనుకున్నాను. చూడండి, ఇప్పటికీ ముందు సాకే గుర్తొస్తుంది! కుట్లు వేసేశాను. కాలు కింద మోపొద్దని చెప్పి పంపాను.

ఆరో వారంలో స్కాన్ చూస్తే నరం జారిపోయి ఉంది. ఎందుకో నాకు తెలుసు. అయినా అతణ్ణే అడిగాను.

"కాలు కింద మోపావా?"

ఎర్రన్న తల దించుకున్నాడు. "వేట తెరిసిన రోజు బోటుకి పూజ సేసినాం బాబూ. కొబ్బరికాయ కొట్టినప్పుడు మోపేసినాను. ఒక్కపాలే."

రెండు నెలల వేట నిషేధం తర్వాత కొబ్బరికాయ కొట్టకుండా ఎవరైనా బోటు తీస్తారా? స్క్రూ సరిగ్గా పట్టి ఉంటే, కదలకుండా బిగించే పట్టీ బూటులో ఉన్న కాలు ఒక్కసారి నేలకు తగిలినంత మాత్రాన ఊడిపోతుందా?

"అదే కొంప ముంచింది," అన్నాను. పక్కనే ఉన్న అతని భార్య అతణ్ణి అక్కడే తిట్టడం మొదలుపెట్టింది. నేను ఆపలేదు.

మళ్లీ ఆపరేషన్ చేశాను. మునివేళ్ల మీద లేచే బలం మాత్రం రాలేదు. ఊగే బోటులో నిలబడలేడు. ఇప్పుడు జెట్టీ మీద స్టూలు వేసుకుని చేపలు ఏరుతున్నాడు.

మొన్న సోమవారం చూపించుకోవడానికి వచ్చాడు. బయట బెంచీ మీద, కాలికి కట్టుతో ఉన్న గోపాలపట్నం ఆటోడ్రైవరుతో అంటున్నాడు: "డాక్టరు బాబు సెప్పినట్టు ఇను బావా. నాను ఇనకే ఇలాగైపోనాను."

తలుపు తెరిచే ఉంది. లేచి వెళ్లి ఒక్క మాట చెప్పలేకపోయాను. నా మీద నాకే ఒళ్లు మండుతోంది. అతను లోపలికి వచ్చాక ఏమన్నానో తెలుసా? "కాలు జాగ్రత్త ఎర్రన్నా" అన్నాను. "అలాగే బాబూ," అని దండం పెట్టి వెళ్లాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. స్క్రూ పట్టలేదు. నాకు ఆ రోజే తెలుసు. తప్పు ఎర్రన్నది కాదు. ఈ మూడు ముక్కలు రాయడానికి ఎనిమిదేళ్లు పట్టింది. కాస్త ఊపిరి ఆడుతోంది, నాకు మాత్రమే.