ఇరానీ సాయిబు బన్నూ, నాయనమ్మ పసుపునీళ్లూ

నిన్న మా మనవడు ఇరానీ చాయ్ ఫొటో పెట్టి, కింద "మన మద్రాసు కల్చర్" అని రాశాడు. నాకు ఒళ్లు మండింది.

జార్జి టౌన్ నేస్తాల్లారా, యాభైల్లో, మన చిన్నప్పుడు, జ్వరమొస్తే బన్నూ పాలే పథ్యం, గుర్తుందా? మా సందు చివర బన్నులు కాల్చేది ఇరాన్ నుంచి వచ్చిన సాయిబు. ఓసారి జడివానలో, నాకు జ్వరమని విని, బన్ను తడవకుండా కోటులో దాచుకుని తనే తెచ్చాడు.

"ఆడనే పెట్టు సాయిబూ, గడప తొక్కబాక" అంది నాయనమ్మ.

అంత పొడిగా తెచ్చిన బన్ను మీద పసుపునీళ్లు చల్లింది. "జొరానికి తింటే మైల లేదులే" అంటూ నా నోట్లో పెట్టింది.

బన్ను ఇంట్లోకొచ్చింది. "పాప తినిందా అమ్మా?" అని అడుగుతూ మనిషి వానలోనే నిలబడ్డాడు.

మన కల్చర్ అదిరా, మనవడా!