ఊరికి వేసిన దండ

డెబ్బైల చివర్లో, మా ఊరు ప్రాజెక్టు నీళ్ల కింద మునిగిన మరుసటి ఏడు, నేను ఖతార్ చేరాను. దుఖాన్ చమురు బావుల దగ్గర పని. మా సూపర్‌వైజర్ అమెరికా ఆయన. ఆయన ఆఫీసు గది ఊడ్చే డ్యూటీ కూడా నాదే.

దసరా రోజు పనిముట్లకు పూజ చేస్తే ఒక ప్లాస్టిక్ పూలదండ మిగిలింది. ఆయన గదిలో గోడకు ఓ పాత ఫొటో ఉండేది. చిన్న వీధి, దుకాణాల ముందు నిలబడ్డ జనం. పోయిన పెద్దలే అనుకుని, దండ వేసి బొట్టు కూడా పెట్టాను.

ఆయన జీపు నడిపే మల్లేశ్ ఈ మాట విని తల పట్టుకున్నాడు. "ఏం జేసినవ్ రా! అండ్ల ఆయన తమ్ముడున్నడు. బతికున్నోళ్లకు దండ ఏస్తరా? రేపే నిన్ను ఇంటికి పంపుతడు."

తీసేద్దామని పరుగెత్తాను. అప్పటికే ఆయన ఫొటో ముందు నిలబడి ఉన్నాడు. మా దగ్గర చనిపోయినవాళ్లకు ఇలా వేస్తామని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను.

"మనుషులున్నారు. ఊరే పోయింది" అన్నాడాయన. వాళ్ల కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, చమురు పడగానే ఊళ్లు లేచాయట. చమురు అయిపోగానే బడి, చర్చి, దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయట. "దండ ఉండనీ. దుఖాన్‌కూ ఒకటి దాచిపెట్టు."

ఆయన నన్ను పంపించలేదు. పంపినా ఎక్కడికి పోయేవాణ్ణి?

మీది ఏ ఊరని ఎవరడిగినా ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. దండ వేద్దామంటే మా ఊరిది ఒక్క ఫొటో కూడా లేదు.