సుషుప్తికి అర్థం దొరికిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... పుంగనూరు దగ్గర మా ఇంట్లో మనుషులకంటే పట్టుపురుగులకే ఎక్కువ చోటు. నడింటి నిండా వాటి తట్టలే. మేము గోడవారన సర్దుకునేవాళ్ళం. అమ్మ పొద్దస్తమానం మల్బరీ ఆకు కోసుకొచ్చి వేస్తూనే ఉండేది, రాత్రిళ్ళు కూడా లేచి వేసేది.

అప్పుడు కుప్పంలో ఏదో పదాల పోటీ పెట్టారు. తాను అడిగిన మాటలన్నిటికీ అర్థం చెప్పినవాళ్ళనే తీసుకెళ్తానని మా తెలుగు అయ్యవారు తేల్చేశారు. నేనేమో పుంగనూరు దాటి ఎరగను... కుప్పం పోవాలని ఒకటే ఆశ!

అన్నీ వచ్చాయి. ఆ 'సుషుప్తి' ఒక్కటే, పొద్దున చదివితే మధ్యాహ్నానికి మాయం.

ఆదివారం అమ్మను పట్టుకున్నాను. అమ్మకు చదువు రాదు, నేను అప్పజెబుతుంటే వింటుంది. ఆ పూట పురుగులు 'జ్వరం'లో ఉన్నాయి. అంటే ఒంటి మీది పొర విడిచేముందు మేత మానేసి, తలలెత్తి కదలకుండా ఉంటాయి. ఆకు వేసే పని ఉండదు గనక అమ్మ కూర్చునేది అప్పుడే.

"సుషుప్తి అంటే కల కూడా రాని నిద్రమా. మన పురుగుల మాదిరి!" అన్నాను, మాట చిక్కిందన్న సంబరంతో.

"అది నిద్రెట్లయితాది పాపా? పైకి ఊరికే ఉండాయిగానీ, లోపల ఒళ్ళు మార్చుకుంటాండాయి. ఆటికీ పనే. నిద్రంటే..."

మాట అక్కడే ఆగింది. గోడకు ఆనుకుని, నోరు కాస్త తెరుచుకుని అమ్మ నిద్రపోయింది. చేతులకు ఆకు పసరు అట్లాగే ఉంది. వీధిలో ఐసుబండి గంట మోగినా, ముఖం మీద ఈగ వాలినా కదల్లేదు. భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి కూడా చూశాను! తర్వాత ఈగలు తోలుతూ పక్కనే కూర్చున్నాను.

మర్నాడు అయ్యవారు ఆ మాటే అడిగారు. "మా అమ్మ నిద్ర సార్" అన్నాను. తరగతంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. "యాల అట్లంటివి? సెప్పమ్మా" అన్నారు. చెప్పాను. కుప్పం నేనే వెళ్ళాను... బహుమతేమీ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు మదనపల్లెలో ఉద్యోగం. మా పాప ఏ మాటకైనా ఫోన్లో చూసి అర్థం చెప్పేస్తుంది, సాయంత్రానికి మళ్ళీ వెతుక్కుంటుంది. దాన్ని ఏమైనా అందామంటే ఓపిక లేదు. ఇల్లు, ఆఫీసు, మళ్ళీ ఇల్లు... ఒళ్ళు పడుకున్నా లోపల రేపటి పనులు తిరుగుతూనే ఉంటాయి.

మీకు ఏ కష్టమైన మాట ఎవరిని చూస్తే అర్థమైంది? రాయండి, తీరిక చేసుకుని చదువుతాను. నేనైతే సుషుప్తి అర్థం ఇప్పటికీ మరిచిపోలేదు... అట్లాంటి నిద్ర పట్టి మాత్రం ఏళ్ళయింది.