తప్పంతా బల్లదే

రసమట్టం మేస్త్రీకి బైండరు చేసిన ద్రోహం చిన్నదేమీ కాదు. ఆయన వద్దన్న ఎర్రపెట్టెను కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా, ఆయన ప్రాణంలా చూసుకునే రికార్డును దాని మీద పెట్టి అంచు నుంచి నడుమ దాకా గీత గీసిపెట్టాడు. అయినా మేస్త్రీ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అనలేకపోవడమే ఆయన జబ్బు. ఆయన లెక్కలో ఈ లోకంలో మనుషులెవరూ తప్పు చెయ్యరు. బల్లలు చేస్తాయి, కుర్చీలు చేస్తాయి, మరీ పెద్ద తప్పయితే నేల చేస్తుంది.

అచ్చాఫీసులో యంత్రాలను నేలకు బిగించి, వెంట్రుకవాసి వాలు లేకుండా నిలబెట్టడం ఆయన పని. చొక్కా జేబులో జానెడు రసమట్టం ఉండేది. ఇత్తడి అంచులు, మధ్యలో గాజుగొట్టం, గొట్టంలో పచ్చటి ద్రవం, అందులో ఈదులాడే ఒక గాలిబుడగ. బుడగ మధ్యలో నిలిస్తే చదును, పక్కకు పోతే వాలు. యంత్రాలకు వాడవలసిన ఆ పనిముట్టును ఆయన టీ బల్లకీ, నీళ్ళకుండ పీటకీ, ఆఖరికి యజమాని మేజాకీ కూడా పెట్టేవాడు. రాత్రి పడుకునే ముందు బొజ్జ మీద పెట్టుకుంటాడనీ, బుడగ మధ్యకొచ్చాకే కన్ను మూస్తాడనీ ఆఫీసులో చెప్పుకునేవారు.

ఒకసారి కంప్యూటరు దగ్గర అక్షరాలు కొట్టే అమ్మాయి, అప్పుడే అచ్చయి వచ్చిన ముఖచిత్రాల కట్ట మీద గ్లాసెడు టీ ఒలకబోసింది. యజమాని నిప్పులు కక్కుతూ వచ్చాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా?"

"అయ్యా, ఒక్క నిమిషం," అని మేస్త్రీ అడ్డం వచ్చాడు. రసమట్టం తీసి బల్ల మీద ఆనించి, తల వంచి, ఒంటికన్నుతో చూశాడు. "బుడగ ఎటు పోయిందో మీరే చూడండి. అమ్మాయి తప్పు కాదు. తప్పంతా బల్లది."

"అయితే బల్ల జీతం కొయ్యమంటావా?"

"కోస్తే ఇంకా వాలుతుందండీ. కాలి కింద అట్టముక్క పెట్టించండి చాలు."

యజమానికి నవ్వాగలేదు. నవ్వినవాడు మళ్ళీ తిట్టలేడు కదా. ఇంకోసారి ప్రూఫులు దిద్దే పెద్దాయన పుస్తకం పేరులోనే తప్పు వదిలేశాడు. మూడువేల ప్రతులు. మేస్త్రీ ఆయన కుర్చీ కింద దూరి, దుమ్ము కొట్టుకున్న మొహంతో బయటికొచ్చి, "కుర్చీ ఇంత వాలితే చూపు వాలదుటండీ?" అన్నాడు.

ఇలాంటప్పుడు అందరికంటే గట్టిగా నవ్వేది బైండరు. అతని నవ్వులో కారం పాలు ఎక్కువ. పాతికేళ్ళవాడు. బడి మధ్యలో మానేశాడు. నేర్చుకున్నదంతా చేతి కిందికి వచ్చిన కాగితాల నుంచే. పదహారేసి పేజీల మడతలు కుడుతూ కుడుతూ చదివేవాడు కనక అతనికి వందల పుస్తకాల నడిమధ్యలు తెలుసు, మొదళ్ళూ చివరలూ తెలియవు. అందుకే లోకం తన దగ్గర ఏదో దాస్తోందని అతని అనుమానం. ఎవరు నవ్వుతూ పలకరించినా, వీడికి నాతో ఏం పని పడిందో అని చూసేవాడు.

అలాంటివాడి చేతికి ఒకనాడు రికార్డుల అట్టలు వచ్చాయి. ఎవరో సరదా ఉన్న పెద్దమనిషి, చిరిగిన పాత గ్రామఫోను రికార్డుల అట్టసంచుల్ని అతికించమని ఆఫీసుకు పంపాడు. రికార్డులు ఇంట్లోనే ఉంచుకుని ఒట్టి సంచులే పంపాడు. బైండరు వారం రోజులు వాటిని అతికించాడు. కళ్ళు మూసుకుని పాడుతున్న గాయని బొమ్మ, మసకవెలుగులో వేణువు పట్టుకున్న వేళ్ళు. మళ్ళీ నడిమధ్యే. అట్ట తన చేతిలో, పాట ఇంకొకరి ఇంట్లో.

"ఇవి ఎలా ఉంటాయో ఎవరైనా విన్నారా?" అని పైకే విసుక్కున్నాడు.

"ఆదివారం మా ఇంటికి రా అబ్బాయ్," అన్నాడు మేస్త్రీ, యంత్రం కిందనుంచి.

ఆ ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీ ఇంట్లో ముందుగదిలో కిటికీ తెర సగం వేసి ఉంది. ఎండ నేల మీద పలచటి దుప్పటిలా పరుచుకుంది. మేస్త్రీ భార్య గుమ్మం పక్కన కూర్చుని కూర తరుగుతోంది. మేస్త్రీ ఒక నల్లటి రికార్డును రెండు అరచేతుల అంచులతో ఎత్తి, పళ్ళెం తిరిగే మిషను మీద దించి, ముల్లును వదిలాడు. మొదట ఎవరో దూరంగా ఇసుక మీద నడుస్తున్నట్టు చప్పుడు. తరవాత గొంతు వచ్చింది. అది మిషనులోంచి వచ్చినట్టు లేదు. గదిలో ముందునుంచీ ఉన్నదే ఇప్పుడు కళ్ళు తెరిచినట్టుంది. తెర ఊగింది. గోడలు మెల్లగా తాడు విప్పిన పడవలా కదిలాయి. పళ్ళెం మీద వెలుగు చుక్క ఒకటి కదలకుండా నిలబడితే, దాని కిందనుంచి పాట నల్లటి నీళ్ళలా తిరుగుతూ పోయింది. బైండరుకు జీవితంలో మొదటిసారి ఒక వస్తువు మొదలూ చివరా రెండూ దొరికాయి.

"అయిపోయింది, కళ్ళు తెరువు నాయనా," అంది మేస్త్రీ భార్య. "టీ చల్లారిపోతోంది."

ఆ తరవాత ప్రతి ఆదివారమూ అతను అక్కడే. ఆమె పిన్నిగారయింది. పాటకూ టీకీ మధ్య అతని మొహంలో గంటు కాస్త వదిలేది. ఒకనాడు మేస్త్రీ ఆ మొదటి రికార్డునే అతని చేతికిచ్చాడు. "సంచీ వీపు చిరిగింది, అతికించు. నువ్వూ ఒక మిషను కొనుక్కుందువుగాని. మంచిది దొరికాక మొదట దీన్నే పెట్టుకో. అందాకా బయటికి తియ్యకు."

మరుసటి వారం ఇద్దరూ రేడియోలు బాగుచేసే దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు ఎర్రగా మెరిసే పెట్టె ఒకటి తెరిచాడు.

"చూడు తమ్ముడూ. సూట్‌కేసులా మడిచి పట్టుకుపోవచ్చు. స్పీకర్లు లోపలే. కొత్తగా మొదలెట్టేవాళ్ళందరూ ఇదే తీసుకుంటున్నారు."

మేస్త్రీ ముల్లును మోసే దాని చేతిని చిటికెనవేలుతో ఎత్తి చూశాడు. "మోతబరువుగా ఉందయ్యా. వెనక బరువు తగ్గించే మర కూడా లేదు. ఇది పాట పాడదు, పొలం దున్నుతుంది."

"చవకలో అంతేనండి."

"పైగా స్పీకరు అరిచినప్పుడల్లా పెట్టె వణుకుతుంది. వణికే చేత్తో సూదిలో దారం ఎక్కిస్తావా నువ్వు?"

"మేస్త్రీగారూ, మీరు కొనిపెట్టడానికి వచ్చారా, దుకాణం మూయించడానికి వచ్చారా?"

"నీ తప్పు కాదులే. నీ అరుగు వాలుంది," అని మేస్త్రీ రసమట్టం తీసి అరుగు మీద ఆనించాడు.

ఇంకో రెండు కూడా ఆయనకు నచ్చలేదు. ఒకదాని పళ్ళెం అప్పడంలా తేలిగ్గా ఉంది. ఇంకోదానికి ముల్లు అరిగితే మార్చే వీలు లేదు. చివరికి పంకాల వెనక దుమ్ములో ఒక నల్లటి పాత మిషను కనిపించింది. బరువైన పళ్ళెం, చేతి వెనక తిప్పి సరిచేసుకునే బరువు, ముల్లును మెల్లగా దించే చిన్న మీట. రబ్బరు బెల్టు మాత్రం సాగిపోయింది. పెట్టి చూస్తే పాట నిద్రలో మాట్లాడినట్టు వచ్చింది. ధర ఎర్రపెట్టెంతే.

"ఇదీ," అన్నాడు మేస్త్రీ. "బెల్టు తెప్పించు. స్పీకర్లు నా అటక మీద ఉన్నాయి, ఇస్తాను."

"నాలుగు వారాలు పడుతుందండి."

"ఆగుతాడు."

ఆ మాటకు బైండరు ఒళ్ళు మండింది. పుట్టినప్పటినుంచీ ఆగుతున్నవాడికి ఇంకా ఆగమనే మాట తిట్టులా వినిపిస్తుంది. "మీకేం, ఇంట్లో ఒకటి తిరుగుతోంది. కడుపు నిండినవాడు ఓపిక గురించి ఎంతైనా చెబుతాడు," అనేశాడు.

మేస్త్రీ రెండుసార్లు రెప్ప వేశాడు. "ఎండగా ఉంది, పద," అన్నాడు.

సోమవారం సాయంత్రం బైండరు ఒక్కడే వెళ్ళి ఎర్రపెట్టె కొనుక్కొచ్చాడు. గది తలుపు వేసుకుని, మేస్త్రీ రికార్డు తీసి పెట్టాడు. గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది, అయినా అదే గొంతు. కళ్ళు మూసుకున్నాడు. ఇంతలో డోలు గట్టిగా మోగినచోట ముల్లు ఎగిరి వెనక్కి పడింది. మళ్ళీ డోలు, మళ్ళీ ఎగురు. బరువు చాలడం లేదనుకున్నాడు. అచ్చాఫీసులో మూలనపడ్డ పాత సీసం అక్షరాల్లోంచి తెచ్చుకున్నదొకటి గదిలో ఉంది. అది ఏ అక్షరమో కూడా చూడలేదు. పుస్తకాలకు రాసే జిగురే రాసి ముల్లు చేతి మీద అంటించాడు. జిగురు ఆరాలన్న సంగతి ఊళ్ళో అందరికంటే అతనికే బాగా తెలుసు. అయినా ఆగలేదు. సీసం జారింది, చెయ్యి అడ్డంగా కొట్టుకుపోయింది, కర్రుమంది. ఆ తరవాత ప్రతి చుట్టుకీ ఒక టక్.

వారమంతా మేస్త్రీ కంట పడకుండా తిరిగాడు. ఆదివారం వెళ్ళలేదు. పోయింది రికార్డు ఒక్కటే కాదని అతనికి తెలుసు. ఆ సగం తెర, ఆ ఎండ, టీ చల్లారుతోందనే ఆ కేక కూడా పోయినట్టే. తిడితే ఏం జవాబు చెప్పాలో నాలుగు పుస్తకాల మధ్యలోంచి ఏరి సిద్ధంగా పెట్టుకున్నాడు.

మూడు గంటలకు తలుపు చప్పుడైంది.

"ఏం అబ్బాయ్, జ్వరమా? నీ టీ కూడా నేనే తాగాల్సొచ్చింది," అంటూ మేస్త్రీ లోపలికి వచ్చాడు. ఎర్రపెట్టెను చూశాడు. రికార్డును తీసి, కిటికీ వైపు వంచి, గోటితో గీత వెంబడే వెళ్ళాడు. తరవాత రసమట్టం తీసి, ఒక చివర ఎడమ బొటనవేలితో పట్టుకుని బల్ల మీద ఆనించాడు.

"చూడు, బుడగ ఎలా పరిగెత్తిందో. ఇలాంటి బల్ల మీద ముల్లు జారక ఏం చేస్తుంది? నీ తప్పు కాదురా. తప్పంతా..."

"సీసం ముక్క నేనే అంటించానండి."

"బల్ల తిన్నగా ఉంటే నీకా అవసరం వచ్చేదా?"

రికార్డు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. మనసు ఎంత కలతపడిందో, రసమట్టాన్ని బల్ల మీదే మరిచిపోయాడు.

ఏరి పెట్టుకున్న జవాబులు నాలుగూ మిగిలిపోయాయి. కనీసం బల్లనైనా సరిచేద్దామని బైండరు అట్టముక్క కత్తిరించాడు. ఏ కాలి కింద పెట్టాలో చూద్దామని రసమట్టాన్ని చదునుగా ఉంచాడు. బుడగ నడిమధ్యలో నిలిచింది. తిప్పి పెట్టాడు. మధ్యలోనే. నేల మీద, గూట్లో, ఎక్కడ పెట్టినా మధ్యలోనే. బల్ల చెరువునీళ్ళలా చదునుగా ఉంది. అప్పుడతనికి మేస్త్రీ ఎడమ బొటనవేలు గుర్తొచ్చింది. తానూ ఒక చివర కింద గోరు దూర్చి చూశాడు. బుడగ పరుగెత్తింది. టీ ఒలికిన బల్ల, ప్రూఫులాయన కుర్చీ, దుకాణం అరుగు, అన్నింటి కిందా ఆ గోరే. నేల మీద చతికిలబడి చాలాసేపు నవ్వుకున్నాడు. ఆ నవ్వులో కారం లేదు.

రసమట్టం ఇవ్వడానికి వెళితే పిన్నిగారు తలుపు తీసింది.

"వచ్చావా. జేబు తడుముకుంటూ ఇల్లంతా తిరుగుతున్నాడు మీ మేస్త్రీ."

"పిన్నిగారూ, ఆ బల్లలు నిజంగా వాలుంటాయా?"

ఆమె వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించింది. "నేను కాపురానికి వచ్చిన కొత్తలో పాలగిన్నె జారవిడిచాను. మా అత్తగారు నోరు తెరిచేలోగా ఈయన దీన్ని పట్టుకొచ్చి పొయ్యిగట్టు మీద పెట్టి, 'అమ్మా, గట్టు వాలుంది' అన్నాడు. ఆ గట్టు కట్టింది మా మావగారు. ఆ పూటంతా ఆయనకే అక్షింతలు." నవ్వు ఆపుకుంది. "పట్టేశావు సరే. పట్టినట్టు ఎక్కడా అనకు."

అనలేదు. బెల్టు వచ్చింది. దుకాణదారు గొణుక్కుంటూనే ఎర్రపెట్టెను వెనక్కి తీసుకున్నాడు. నల్ల మిషనును బిగించడానికి మేస్త్రీ వచ్చి గంటసేపు కూర్చున్నాడు. ఒక్కో కాలి కిందా కాగితం మడత పెడుతూ, తీస్తూ, ఊపిరి బిగబట్టి బుడగనే చూశాడు. ఆ గంటా ఎడమ చేతిని వీపు వెనకే ఉంచుకున్నాడు. మనుషుల విషయంలోనైతే బొటనవేలు సాయం చేస్తుందిగానీ, ముల్లు దగ్గర ఆ సాయం చెల్లదు.

ఆ తరవాత ఏడాదిపాటు బైండరు పాత సామాన్ల కొట్లన్నీ గాలించాడు. చివరికి అదే రికార్డు, ఒక్క గీతా లేనిది దొరికింది. మేస్త్రీ దంపతులు ఇల్లు ఖాళీ చేసి దూరాన ఉన్న కూతురి ఊరికి వెళ్ళిపోతున్న నెల అది. దానికి కొత్త సంచీ కట్టి, వాళ్ళ గుమ్మంలో పెట్టి, మాట్లాడకుండా వచ్చేశాడు. ఇన్నాళ్ళూ ఛాతీలో తిరుగుతున్న ఆ టక్ ఇక ఆగుతుందనుకున్నాడు.

లారీ వచ్చిన రోజు ఉదయం మేస్త్రీ బైండింగు బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆ కొత్త సంచీ.

"విన్నారా?" అన్నాడు బైండరు, కుడుతున్న మడత మీంచి తలెత్తకుండా.

"విన్నాం. మంచి రికార్డు. దుమ్ము కూడా లేదు."

"మరి తిరిగి తెచ్చారేం?"

మేస్త్రీ సంచీని అతని ముందు పెట్టి, దాని అంచు బల్ల అంచుకు సరిగ్గా కుదిరేలా జరిపాడు.

"ఇందులో టక్కు లేదబ్బాయ్. మీ పిన్ని ఏడాదిగా ఆ టక్కుకే తాళం వేసుకుంటూ కూర తరుగుతోంది. ఇది పెడితే వేలు తెగేలా ఉందంటోంది. మాకు మాదే బాగుంది, ఇది నువ్వుంచుకో."