ఈగలకు సంబంధం చూశాను

నా మనవరాలి ప్రాజెక్టు పాడుచేసింది నేనే. పిల్లి కాదు, ఎలుక కాదు. తల పూర్తిగా నెరిశాక, భూతద్దం చేతబట్టి, ఎంతో తెలివిగా చేశాను. ఈగల వంశంలో ఇంతటి ఉపద్రవం మరొకటి జరిగి ఉండదు. మీరు నవ్వండి, నేను తల దించుకుంటాను.

మల్కాజ్‌గిరిలో ఏ తలుపు తట్టినా కంప్యూటర్ కోర్సు మాటే వినబడే రోజులవి. మా శైలజ మాత్రం డిగ్రీలో జెనెటిక్స్ పట్టుకుంది. వాళ్ల నాన్న, అంటే నా కొడుకు, ఒకటే షరతు పెట్టాడు: "ప్రాజెక్టుల మంచి మార్కులొస్తేనే గీ సదువు. లేకుంటే అమీర్‌పేట నడు, కంప్యూటర్ నేర్చుకో."

ప్రాజెక్టంటే సీసాలో పండ్ల ఈగలు. నిండు రెక్కల ఈగకూ కురచ రెక్కల ఈగకూ పుట్టిన పిల్లల్ని మళ్లీ ఒకే సీసాలో పెడితే, మనవల తరంలో నాలుగింట ఒకటి కురచ రెక్కలతో పుట్టాలట.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. రాంగోపాల్‌పేట్‌లో పుస్తకాలకు అట్టలు కడుతూ, కట్టినవన్నీ చదివి ఇంతవాణ్ణయ్యాను. శైలజ పుస్తకం చదివి మాత్రం ఉలిక్కిపడ్డాను.

"ఏందే ఇది? ఒక్క తల్లి పిల్లల్ని ఒక్క సీసాల పెట్టినవా?"

"గట్లనే పెట్టాలె తాతా."

"అన్నాచెల్లెండ్లే!"

"ఈగలు తాతా!"

"ఈగలైతే? వావి వరుస ఉండదా?"

"ఆ పిల్లను జెర సదువుకోనియ్!" అని వంటింట్లోంచి మా ఆవిడ (స్వయానా మా అక్క బిడ్డ) అరిచింది. ధర్మం మాట్లాడేవాడికి వంటింటి కేకలు వినబడతాయా?

అప్పుడే పుట్టిన ఆ ఈగలు ఇంకా జత కట్టకముందే, శైలజ కాలేజీకి పోగానే సీసాను ఫ్రిజ్‌లో పెట్టాను. చలికి ఈగలు సొమ్మసిల్లాయి. తోక నల్లగా ఉంటే మగదని ఆ పుస్తకమే చెప్పింది. అన్నదమ్ములను ఒక్కొక్కరినీ ఏరి కిటికీలోంచి సాగనంపాను. అరటి తొక్కల మీద మూగిన మా వంటింటి బ్రహ్మచారులను పట్టి లోపలికి పంపాను. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు ఈగకు పెళ్లి చేసి ఉండడు!

కొన్నాళ్లకు శైలజ సీసా ముందు కూలబడింది.

"కురచ రెక్కలది ఒక్కటి సుత లేదు! గిట్లెట్లయితది?"

"బయటి సంబంధం గదా, పిల్లలు మంచిగ పుట్టిన్రు" అన్నాను మీసం దువ్వుతూ.

"ఏం జేసినవ్ తాతా?"

చెప్పాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరగడం చూసి మీసం దానంతటదే వాలిపోయింది. "అమీర్‌పేట బస్సు పాస్ తీసుకుంటవా?" అని కొడుకు దాన్ని దెప్పుతుంటే, నేను కంచం ముందు నుంచి లేచి పక్కగదిలోకి జారుకున్నాను.

శైలజ మాస్టారిని బతిమాలి గడువు తెచ్చుకుంది. మళ్లీ మొదటినుంచి షురూ చేసి, ఆ మార్కులు సంపాదించేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సీసా దగ్గరికి నన్ను రానిస్తే ఒట్టు!

ఇక చీమకైనా దోమకైనా ఈ జన్మలో సంబంధం చూడనని అరటిపండు మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను. మార్కులొచ్చిన రోజున ధైర్యం చేసి దాని దగ్గర కూర్చున్నాను.

"తప్పయింది బిడ్డా. ఏం జేస్త, అయినోళ్లకు అయినోళ్లనే ముడిపెడుతుంటే నా మనసొప్పలే."

శైలజ వంటింటి వైపు ఒకసారి చూసి, అప్పుడు నోరు విప్పింది:

"మరి నువ్వు మీ అక్క బిడ్డను చేసుకున్ననాడు, ఏ ఈగొచ్చి సీసా మూత తీసింది తాతా?"